జోలె దాటిన గీత

స్ట్రెచరు మలుపు తిరగలేదు. పోయిన వారం ఇంజనీరమ్మని మనం వదిలిపెట్టింది అక్కడే, సగం కట్టిన కాన్పుల ఆస్పత్రి మెట్ల మీద, పదిమంది ఎదుట. మెట్ల మలుపులో కాలు నిలిపే చదును ఉంటుందే, వాళ్ల భాషలో ల్యాండింగ్, అది ఇరుకైపోయింది. స్లాబు కింద ఆసరాగా పెట్టిన సెంట్రింగ్ చెక్కలు విప్పించాక డాక్టరుగారు ఒక ఖాళీ స్ట్రెచరు తెప్పించి, ఇద్దరు మనుషుల చేత మోయించి చూపించారు. అది గోడకి కొట్టుకుని ఆగిపోయింది. "మా పేషెంట్లని నిలబెట్టి మోసుకెళ్లమంటారా అమ్మా?" అని ఆయన అడిగిన తీరుకి పనివాళ్లు మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వుకున్నారు.

"నేను వెడల్పు చేసే పంపాను. మీవాళ్లే తప్పు కట్టారు" అని ఆమె కాంట్రాక్టరు మీద విరుచుకుపడింది. అతను మాటకి మాట అనలేదు. చంకలోంచి కాగితం తీసి, దులిపి, అందరికీ కనపడేలా విప్పాడు. దాని మీద ఇరుకు ల్యాండింగే ఉంది. కింద ఆమె పేరు, ఆమె ముద్ర.

డాక్టరుగారు మర్యాదగానే మాట్లాడారు. మర్యాదగా అనే మాటలే ఎక్కువ కాలుస్తాయి. "రేపు పొద్దున్నే వచ్చి తప్పెవరిదో తేల్చండి. ఆయనదైతే ఆయన్ని పంపించేస్తాను. మీదైతే మీరు ఇంక రానక్కర్లేదు. ఏ ఆస్పత్రివాళ్లు అడిగినా మీ పేరు మాత్రం తప్పకుండా చెప్తాను." ఏమని చెప్తారో అడగనక్కర్లేకపోయింది.

ఇంజనీరమ్మ స్కూటరు తోలుకుంటూ ఇంటికొచ్చిన తీరు దారిలో కుక్కలకి కూడా అర్థమైంది, పక్కకి తప్పుకున్నాయి. ఆమె ఆఫీసు పెద్ద మేడేమీ కాదు, ఇంటి ముందుగదే. ఎదురెదురు గోడలకి రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు, మధ్యలో ఆ రెండిటినీ కలుపుతూ నేల మీద పాకే వైరు, మూలన బకెట్లో నిలబెట్టిన కాగితం చుట్టలు. ఆమె లెక్కలు వేస్తుంది. మరిది డ్రాయింగులు గీస్తాడు. మరిది భార్య, అంటే ఆమె తోడికోడలు, సైటు దగ్గర రేకుల షెడ్డులో కూర్చుని, ఇంజనీరమ్మ పేరూ ముద్రా కిందే అచ్చయి వచ్చే ప్రింట్లు తీసి ఇస్తుంది, పని దగ్గరుండి సరిచూస్తుంది. భర్తగారికి ఈ గొడవతో సంబంధం లేదు. ఆయన బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ, ఇంటికొచ్చాక ఏ పక్షం వైపూ మాట్లాడకుండా బతుకుతున్నాడు.

హెల్మెట్ బల్ల మీద పడిన చప్పుడుకి మరిది చేతిలో టీ తొణికింది.

"మెట్ల డ్రాయింగ్ తియ్యి."

"ఏమైంది వదినా? ముందు కాసిని మంచినీళ్లు తాగండి."

"నీళ్లా? పొద్దుటినుంచి మూడు చెరువుల నీళ్లు తాగే వచ్చాను. డ్రాయింగ్ తియ్యి."

అతను తీశాడు. తెర మీద మెట్లు కనిపించాయి, మలుపు కనిపించింది, మలుపులో ల్యాండింగ్ హాయిగా, నలుగురు మనుషులు స్ట్రెచరుతో సహా తిరిగేంత వెడల్పుగా కనిపించింది. ఇంజనీరమ్మ వంగి చూసింది. తన బల్ల దగ్గరికి వెళ్లి తన కంప్యూటర్లో తెరిచి చూసింది. అక్కడా వెడల్పే.

"చూశారా! నిక్షేపంలా ఉంది" అన్నాడు మరిది. ఊపిరి పీల్చుకున్నాడు, కాస్త ఎక్కువగానే. "వాడెవడో నాటకం ఆడుతున్నాడు. ఏ పాత కాగితమో పట్టుకుని మన మీదికి తోసేస్తున్నాడు."

కోపానికి కావలసింది ఒక మనిషి. ఇంజనీరమ్మ కోపం అప్పటిదాకా ఎవరి మీద వాలాలో తెలియక గది అంతా తిరుగుతోంది, ఇప్పుడు కాంట్రాక్టరు మీద వాలింది. పదిమందిలో తన ముద్ర చూపించి తలదించుకునేలా చేస్తాడా? ఆమె ఫోన్ తీసి డాక్టరుగారి నంబరు వెతికింది. ఆ నంబరు దొరికి ఉంటే ఒక మనిషి పని ఆ మధ్యాహ్నమే ఊడిపోయేది.

"ఫోన్ పెట్టెయ్యండి అక్కా."

గుమ్మంలో తోడికోడలు. తలంతా సిమెంటు దుమ్ము, చంకలో షెడ్డు ల్యాప్‌టాప్. ఆటోలో వచ్చినట్టుంది, ఆ ఆటోవాడితో కూడా దెబ్బలాడే వచ్చినట్టుంది. కాంట్రాక్టరు మనుషులు ఆమెని ఏమేం అన్నారో ఆమె చెప్పలేదు, కళ్లు చూస్తే తెలుస్తోంది. టీ కప్పు పక్కకి నెట్టి ల్యాప్‌టాప్ పెట్టింది, తెరిచింది, అదే డ్రాయింగ్ తీసింది.

ల్యాండింగ్ ఇరుకుగా ఉంది.

"పాతది తెరిచావు" అన్నాడు మరిది వెంటనే.

"పాతదా? ఆ పేరుతో ఉన్నది ఒక్కటే. మీ దాంట్లో పేరేంటో, తేదీ ఏంటో చదవండి."

"చూస్తున్నాగా..."

"చూడ్డం కాదు, పైకి చదవండి! షెడ్డులో అందరూ నా మొహం మీదే చదివి వినిపించారు. మీరు చదవడానికేం?"

అతను చదివాడు. ఆమె తన ల్యాప్‌టాప్‌లోది చదివింది. పేరూ అదే, తేదీ అదే, చివరికి నిమిషం కూడా అదే. పక్కన ఆకుపచ్చ టిక్కు కూడా రెండింటికీ అదే.

ఆ టిక్కు గురించి ఒక మాట చెప్పాలి. మూడు కంప్యూటర్లు, రెండు చోట్లు, పని ఒక్కటే కావడంతో ఇంజనీరమ్మ కిందటేడు ఒక పద్ధతి పెట్టింది. ఒక్కో భవనానికి ఒక్కో ఫోల్డరు. దాన్ని వాళ్లు జోలె అంటారు. భవనానికి సంబంధించింది ఏదైనా జోలెలోనే ఉండాలి, చిన్న గీతైనా సరే బయట ఉండకూడదు. మూడు కంప్యూటర్లలోనూ అదే జోలె ఉంటుంది. ఒకచోట ఏది మార్చినా మిగతా రెండుచోట్లా దానంతటదే మారుతుంది. మూడూ ఒక్కటయ్యాక పక్కన ఆకుపచ్చ టిక్కు పడుతుంది. ఆ టిక్కు పడితే ఆ ఇంట్లో వాదన ఆగిపోవాలి. ఆమె చేసిన శాసనం అది.

ఇప్పుడు టిక్కు ఉంది, వాదనా ఉంది.

"మీరు పంపింది మారలేదు, అంతే" అంది భార్య.

"నేను మార్చాను! నా కళ్లతో చూసుకుంటూ మార్చాను. ప్రింటు తియ్యడం చేతకాక..."

"చేతకాదా? ఏం చేతకాదు నాకు? ఎండలో వాళ్ల మధ్య నిలబడి తిట్లు తినడం మీకు చేతనవుతుందేమో రేపు మీరెళ్లండి!"

లోపలి గుమ్మం దగ్గర పరదా కదిలింది. అత్తగారు వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, వీధివైపు కిటికీ రెక్కలు రెండూ మూసి గడియ పెట్టారు. "ఇంక తిట్టుకోండి" అని లోపలికి వెళ్లిపోయారు. పరదా మాత్రం పూర్తిగా వెయ్యలేదు.

ఇంజనీరమ్మకి అప్పటికి నోరు ఆగింది, చెయ్యి కదిలింది. ఆమె మరిది కుర్చీ పక్కన నిలబడి, తెర మీద ల్యాండింగ్‌ని నొక్కి, ఈ ముక్క ఎక్కణ్ణించి వస్తోందని కంప్యూటరునే అడిగింది. ఎందుకంటే పెద్ద డ్రాయింగులో చిన్న డ్రాయింగుల్ని అతికించరు. ఫలానాది ఫలానా చోట ఉందని అడ్రసు మాత్రం రాసి పెడతారు. తెరిచినప్పుడల్లా కంప్యూటరు ఆ అడ్రసుకి వెళ్లి, అక్కడున్న బొమ్మ తెచ్చి చూపిస్తుంది.

అడ్రసు తెర మీద పడింది. ఆమె చదివింది. మళ్లీ చదివింది.

ల్యాండింగ్ జోలెలో లేదు. మరిది కంప్యూటరు డెస్క్‌టాప్ మీద, 'నావి' అని పేరు పెట్టుకున్న ఒక ఫోల్డర్లో ఉంది.

ఇంక పజిలేమీ మిగల్లేదు. నేల మీద పాకే ఆ వైరు పుణ్యమా అని ఆమె కంప్యూటరు అతని డెస్క్‌టాప్‌ని చూడగలదు, అందుకే ఇద్దరికీ వెడల్పు కనిపించింది. షెడ్డు ల్యాప్‌టాప్‌కి ఆ డెస్క్‌టాప్ ఎక్కడ కనపడుతుంది? అడ్రసుకి వెళ్లి, ఎవరూ లేకపోతే, పక్కింట్లో అదే పేరుగలవాడిని పట్టుకొచ్చినట్టు, జోలెలో అదే పేరుతో మిగిలిపోయిన పాత ల్యాండింగ్‌ని తెచ్చి పెట్టేసింది. తప్పని ఒక్క ముక్క కూడా అనలేదు. జోలె మూడుచోట్లా ఒక్కలాగే ఉంది కాబట్టి టిక్కు కూడా నిజమే చెప్పింది. జోలెలో లేనిదాని గురించి దానికి ఏం తెలుసు?

"జోలె బయట పెట్టావు." ఇంజనీరమ్మ గొంతు తగ్గింది. ఆ ఇంట్లోవాళ్లకి ఆమె అరిస్తే భయం లేదు, గొంతు తగ్గితేనే భయం. "ఎన్నిసార్లు చెప్పాను? అన్నం ముద్ద నోట్లో పెట్టినట్టు చెప్పాను. గోడ మీద రాసి అంటించాను. నీ నెత్తి మీదే ఉంది చూడు ఆ కాగితం. పదిమందిలో నా ముద్ర పట్టుకుని ఆడించాడు వాడు. ఎందుకు పెట్టావు బయట?"

"పొరపాటున..."

"పొరపాటున ఫోల్డరుకి 'నావి' అని పేరు పెట్టుకున్నావా?"

మరిది కుర్చీలోంచి లేచాడు. మెతక మనిషి, నోట్లో నాలుక లేదని ఊళ్లో పేరు. అలాంటివాళ్లకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. అవి ఎర్రబడ్డాయి.

"అవును, నావే! నావి అని చెప్పుకోడానికి ఈ ఆఫీసులో ఇంకేముంది నాకు? జోలెలో గీత గీస్తాను. చెయ్యి తీసేలోపే అది అక్కడ ఉండదు. మీరు జరిపేస్తారు. ఎదురుగా కూర్చుని, ఒక్క మాట అడక్కుండా, అక్కణ్ణించే జరిపేస్తారు! నేను సగం ఆలోచించింది మీకు కనపడిపోతుంది, సగంలోనే మీరు దిద్దేస్తారు. పొద్దున్న వచ్చి చూసుకుంటే నా డ్రాయింగు నాకే కొత్తగా ఉంటుంది. పూర్తయ్యేదాకా ఎవరూ వేలు పెట్టని చోటు ఒకటి కావాలనుకున్నాను. అయ్యాక జోలెలో వేద్దామనే అనుకున్నాను. మర్చిపోయాను."

"అంటే తప్పు నాదా?"

"నేనలా అన్లేదు."

"అన్నావు. ఇప్పుడే అన్నావు. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందని, నేర్పించినదాన్నే..."

"ఇద్దరూ ఆపండి!" తోడికోడలు ల్యాప్‌టాప్ మూత పడేసింది. "ఆయన గీత జరిగిందని ఆయన ఏడుపు, మీ మాట వినలేదని మీ ఏడుపు. మధ్యలో సిమెంటు పోయించింది నేను! అక్కా, స్లాబ్ వేసే ముందు రోజు నేను మీకు ఫోన్ చేశానా లేదా?"

ఇంజనీరమ్మ చేతిలో ఫోన్‌ని బల్ల మీద బోర్లించింది.

"చేశాను. 'ల్యాండింగ్ ఇరుగ్గా కనపడుతోంది, మీరు వెడల్పు చేస్తానన్నట్టు గుర్తు' అన్నాను. మీరేమన్నారు? 'ఆకుపచ్చ టిక్కు ఉందా?' అన్నారు. ఉందన్నాను. 'టిక్కుంటే అదే ఫైనల్, ప్రతిదానికీ ఫోన్ చెయ్యకు' అని పెట్టేశారు. నా కళ్లని నేను నమ్మాను, మీరు నమ్మనివ్వలేదు."

ఆ ఫోన్ ఇంజనీరమ్మకి బాగానే గుర్తుంది. ఎవరితోనో మాట్లాడుతూ, విసుగ్గా, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడిన ఫోన్. ఒక్కసారి ఆ ఇరుకు అనే మాట పట్టించుకుని ఉంటే, ఒక్క ఫొటో పంపమని ఉంటే సరిపోయేది. కోపం ఎటూ వెళ్లడానికి దారి లేక ఆమె లోపలికే తిరిగింది. లోపల అది ఇంకా మండింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు, కానీ ఆమెకి తన పిడికిలే అందరికంటే పెద్దదిగా కనపడింది.

గదిలో ఎవరూ కూర్చోలేదు. చివరికి మరిదే మెల్లిగా అన్నాడు.

"వదినా, ఒక దారుంది. కొత్త ల్యాండింగ్‌ని ఇప్పుడే జోలెలో వేసేస్తాను. నిమిషంలో మూడుచోట్లకీ వెళ్లిపోతుంది. రేపు డాక్టరుగారు ఏ కంప్యూటర్లో చూసినా వెడల్పే కనపడుతుంది. వాడి చేతిలో ఒక్క కాగితం మిగులుతుంది. పాత ప్రింటు వాడావని అంటాం. కర్ర విరక్కుండా పాము..."

"పామెవరు ఇక్కడ?" అంది ఇంజనీరమ్మ.

అతను మౌసు పక్కకి నెట్టేశాడు.

"నీ గీత నేను జరిపితే నీకు ఇంత మండింది కదా. ఒక మనిషిని వాడి పనిలోంచే జరిపేద్దామంటున్నావు, అదీ ఎదురుగా కూర్చోకుండా, ఇక్కణ్ణించే. వాడు మనమిచ్చిన కాగితం చూసి అంగుళం తేడా లేకుండా కట్టాడు. నేను వాణ్ణి పదిమందిలో దొంగని చేసి వచ్చాను." ఆమె బల్ల మీద అరచేత్తో కొట్టింది. కప్పు ఎగిరి పడింది. "రేపు వెళ్తాను. తప్పు మా ఆఫీసుదని చెప్తాను. డాక్టరుగారి ముందూ చెప్తాను, నవ్విన ప్రతివాడి ముందూ చెప్తాను. పొమ్మంటే పోతాం."

పరదా వెనక నుంచి అత్తగారి దగ్గు వినపడింది. అది మెచ్చుకోలో మందలింపో ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరికీ తెలియదు.

అక్కడితో ఆ పూటకి గొడవ చల్లారిపోవలసింది. తోడికోడలు కూడా కుర్చీ లాక్కుని కూర్చుంది, కొంగుతో మెడ తుడుచుకుంది. తుడుచుకుంటూనే చెయ్యి ఆపింది.

"ఆ 'నావి'లో ఇదొక్కటేనా?"

మరిది టీ కప్పు సర్దడం మొదలుపెట్టాడు.

"మిమ్మల్నే! ఇదొక్కటేనా?"

"ఆస్పత్రివి ఇంకో రెండు ఉండాలి. చిన్నవే."

"తెరువు" అంది ఇంజనీరమ్మ. అతను కదలకపోతే ఆమే మౌసు లాక్కుని తెరిచింది. లోపల రెండు ఫోల్డర్లు. ఒకటి ఆస్పత్రి. రెండోది బడి.

బడి కట్టి, తాళం చేతులిచ్చేసి, పిల్లలు వచ్చి కూర్చోవడం మొదలై నెల కూడా కాలేదు. దానిలో ఉన్నది ఒకే ఒక్క డ్రాయింగు. మేడ మీద నీళ్ల ట్యాంకుని మోసే దూలం.

ట్యాంకు చాలదు, రెట్టింపు చెయ్యండని బడివాళ్లు పని మధ్యలో అడిగారు. పెద్ద ట్యాంకు లెక్క ఆమే వేసింది, ఆమే గీసింది, జోలెలో పెట్టింది. దాన్ని మొయ్యాలంటే కింద దూలం లోతు పెరగాలి, కడ్డీలు పెరగాలి, ఆ దూలం మార్చమని మరిదికి చెప్పింది. అతను మార్చాడు. బ్రహ్మాండంగా మార్చాడు. ఇదిగో, ఇక్కడ, డెస్క్‌టాప్ మీద ఉంది.

"ల్యాప్‌టాప్ మూత తియ్యి" అంది తోడికోడలితో. "బడి జోలె తెరువు."

షెడ్డు ల్యాప్‌టాప్‌లో బడి మేడ కనిపించింది. పైన ట్యాంకు కొత్తది. కింద దూలం పాతది.

"నువ్వు కడ్డీలు సరిచూశావు కదా" అన్నాడు మరిది భార్యతో. అది ప్రశ్న కాదు, వేడుకోలు.

"చూశాను. ఒక్కొక్కటీ లెక్కపెట్టి, కాగితంలో ఉన్నట్టే ఉందని చూసి పోయించాను." ఆమె తెర మీద పాత దూలాన్ని వేలితో చూపించింది. "కాగితంలో ఉన్నట్టే ఉంది."

"ఇన్నాళ్లూ నిలబడిందిగా! ఏమీ కాలేదుగా!"

"ఇన్నాళ్లూ నీళ్లు లేక అడుగున కాసినే ఉంటున్నాయి. కొత్త మోటారు బిగించారు. ఇవాళ నిండా నింపి చూస్తారని పొద్దున్న బడినుంచి తల్లిదండ్రులందరికీ మెసేజ్ పెట్టారు." తోడికోడలు లేచి నిలబడింది. "ఆ ట్యాంకు కింది గది రెండో తరగతి. మన పిల్ల గది."

అని ఆగలేదు. స్కూటరు తాళం బల్ల మీద ఎక్కడుందో ఆమెకే తెలియాలి, చేతికి అందింది, గుమ్మం దాటేసింది. చెప్పులు వేసుకోలేదు.

ఇంజనీరమ్మ బడి నంబరు నొక్కింది. నొక్కుతున్న చేతిని మరిది పట్టుకున్నాడు.

"వదినా, ఒక్క నిమిషం. బడి కూలిపోతుందని మన నోటితో మనం చెప్తే ఆస్పత్రి కాదు, ఊళ్లో కోళ్లగూడు కూడా కట్టనివ్వరు మనని. జైలుకి పంపినా పంపుతారు. ముందు నేను వెళ్లి చూస్తాను. నిజంగా ఏమైనా పగులుంటే అప్పుడు..."

"అక్కడున్నది నీ కూతురురా!"

అతను చెయ్యి తీసేశాడు.

ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. ఎత్తరేం, ఎత్తరేం అని ఇంజనీరమ్మ పళ్లు కొరుకుతుండగా అవతల ఎవరో ఎత్తారు.

"అమ్మా, నేను మీ బడి కట్టిన ఇంజనీరుని. మేడ మీద మోటారు ఆపించండి. ట్యాంకు కిందున్న గదిలోంచి పిల్లల్ని బయటికి పంపించండి. ఇప్పుడే, ఈ క్షణమే! తప్పు మాది, దూలం..."

"ఏంటండీ?" అంది అవతలి గొంతు, నవ్వుతూ, అరుస్తూ. "కాస్త గట్టిగా చెప్పండి. ఇక్కడ కొత్త మోటారు చప్పుడుకి ఒక్క ముక్కా వినపడటం లేదు."